మీటరు ముందు ఒక ఆదివారం

అన్న పోయాక దబీర్‌పురాలోని ఆ రెండు గదుల ఇంట్లో వదిన, నేను మిగిలాం. నేను సర్కారు దవాఖానలో ఆయాను. పొద్దంతా వార్డుల్లో తిరిగి, బస్సులో నిలబడి ఇల్లు చేరేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. వదిన ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. కుట్టుమిషనుకు మోటారు పెట్టించుకుంది.

ఆ ఎండాకాలం కరెంటు బిల్లు ఎన్నడూ లేనంత వచ్చింది. చెప్పులైనా విప్పకుండా ఆ కాగితం చూసి, "పొద్దుందాక మోటర్ తిప్పుతనే ఉంటవు, రాకేమైతది?" అన్నాను. వదిన తలెత్తలేదు. దారం తెంపి, "సరే" అంది. అంతే.

తర్వాతి నెలా అంతే వచ్చింది. ఈసారి లొల్లి పెట్టుకునే శక్తి నాకు లేదు. మా గల్లీ ఎలక్ట్రీషియన్‌ను ఆదివారం పిలుచుకొచ్చాను. ఆయన ఇంట్లో అన్నీ బంద్ చేయించి, నన్ను మీటరు ముందు నిలబెట్టాడు.

"గా ఎర్ర లైట్ చూడమ్మా. కరెంట్ ఎంత గుంజితే గంత జల్ది కొట్టుకుంటది. ఒక్కొక్కటి పెడ్త, నువ్వు లెక్కపెట్టు."

ఇస్త్రీ పెట్టె పెట్టగానే ఆ దీపం ఆగకుండా కొట్టుకుంది. లెక్క తప్పిపోయాను. ఫ్యాను వేస్తే నిమిషానికి నాలుగుసార్లు. ఫ్రిజ్‌కు ఎనిమిది.

"అయితే ఇస్త్రీ పెట్టెనే తింటాంది గదా భాయ్?"

"తింటది. గని దినాం ఎంతసేపు చేస్తవ్?"

"నా డ్యూటీ చీర ఒక్కటే. పది నిమిషాలు."

"మరి ఫ్రిజ్?"

ఆయన ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూశాడు. కాగితం జారి కింద పడింది.

"రబ్బర్ పోయింది. సల్లదనమంత బయటికి పోతాంది. ఫ్రిజ్‌కు ఆగి దమ్ము తీసుకునే మోకానే లేదు. ఎంత గుంజుతదన్నదే కాదమ్మా, ఎంతసేపు గుంజుతదో గది గూడ చూడాలె."

తలుపు సరిగా పడట్లేదని వదిన రెండుసార్లు చెప్పింది. రేపు చూద్దామన్నది నేనే.

"ఇగ కుట్టుమిషన్ పెట్టుండ్రి" అన్నాడాయన. వదిన కదల్లేదు. చూస్తే మిషనుకు మోటారు లేదు.

"మోటర్ ఏది వదినా?"

"నువ్వన్ననాడే తీసేసిన. కాలుతోనే తొక్కుతున్న."

ఆమె రోజూ మోకాళ్లకు నూనె రాసుకోవడం చూస్తూనే ఉన్నాను. వయసు అనుకున్నాను.

మంచం కింది నుంచి మోటారు తీసి ఎలక్ట్రీషియనే బిగించాడు. దీపం నిమిషానికి ఐదుసార్లు కొట్టుకుంది. ఫ్యాను కంటే ఒకటి ఎక్కువ.

ఆయన వెళ్లాక, "నాకెందుకు చెప్పలె?" అని అడిగాను.

"చెప్తానికి నువ్వెప్పుడు కూసున్నవ్? వస్తవ్, తింటవ్, పంటవ్." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"తప్పయింది వదినా."

"ఇగ పోనియ్యి" అని మిషను ముందు కూర్చుంది.

ఆ వారమే రబ్బరు మార్పించాను. ఫ్రిజ్ చప్పుడు మధ్యమధ్యలో ఆగడం మొదలైంది. బిల్లు దిగింది. వదిన మోకాళ్లు మాత్రం కుదుటపడలేదు. గడప దాటాలంటే ఇప్పటికీ గోడ పట్టుకుంటుంది. ఆదివారం నాతో వస్తే డ్యూటీలో ఉండే పెద్ద డాక్టరుకు చూపిస్తానంటే, "సెలవునాడు గూడ దవాఖానకేనా? జర పండుకో" అంటుంది.

మూడు ఆదివారాలు అట్లాగే పడుకున్నాను.