నడుమ ఊరు చిక్కబళ్లాపురం

అమ్మకు చూపు మసకబారుతోంది. పూర్తిగా పోకముందే అక్క మొహం చూడాలని పట్టుబట్టింది. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో నేను చింతామణి నుంచి బయలుదేరింది అందుకే. అక్కను బాగేపల్లిలో ఇచ్చాం. నా పెళ్లిలో నాన్న మొదటి తాంబూలం పెద్దల్లుడికి కాక ఎవరో పెద్దమనిషికి ఇచ్చాడు. అప్పుడు లేచి వెళ్లిపోయిన బావ ఏడేళ్లుగా మా గడప తొక్కలేదు, అక్కనూ పంపలేదు. మేమూ వాళ్ల గడప తొక్కలేదు. అలా చెడిన ఇళ్లకు మా వైపు ఒక పద్ధతి ఉంది. రెండూళ్ల నడుమ ఉన్న ఊళ్లో కలుసుకోవచ్చు. ఎవరి అన్నం వాళ్లే తెచ్చుకోవాలి. నడుమ దాటి అడుగేసినవాడు తగ్గినట్టు లెక్క. మాకు నడుమ చిక్కబళ్లాపురం. అక్కను అక్కడికి రమ్మని ముందే కబురు పెట్టాను.

ఈ నడుమ అనే మాట మా నోళ్లలో రోజంతా నలుగుతూనే ఉంటుంది. ఈ నడుమ కనపడలేదేమని పలకరిస్తాం, పెద్దవాళ్ల నడుమ మాట్లాడకని పిల్లల్ని కసురుతాం, చదువు నడుమ ఆపేశాడని పక్కింటివాడి గురించి చెప్పుకుంటాం. దారి విషయంలో మాత్రం మైలురాళ్లతో మాకు పని లేదు. ఇద్దరూ భోజనం వేళకు చేరగలిగిన చోటే నడుమ.

పొద్దున ఆరు గంటల బస్సుకు ముక్కాలు రూపాయి ఇచ్చి ఎనిమిదికి చిక్కబళ్లాపురంలో దిగాను. బాగేపల్లి నుంచి పది గంటల బస్సు వచ్చింది. అక్క రాలేదు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే ఇడ్లీలు అమ్మే ఆమె విసుక్కుంది.

"సుమ్మనే కూచోప్పా. చూసి చూసి నాకే కండ్లు తిరుగుతాండాయి."

"మా అక్క రావల్ల. ఇంకా రాలేదు."

"ఇంకో బస్సు ఉండాది కదా. వస్తాదిలే."

బావ ఆపేశాడేమోనన్న భయం పట్టుకుంది. ఇంకో బస్సు వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేకపోయింది. పన్నెండుకు బాగేపల్లి బస్సెక్కేశాను.

ఒకటిన్నరకు దిగి నేరుగా బావ అంగడికి వెళ్లాను. నన్ను చూసి ఆయన చేతిలో తక్కెడ అలాగే ఉండిపోయింది.

"మీ అక్క పొద్దున బస్సు తప్పిపోయి పదకొండున్నర బస్సుకు పోయింది. నువ్వేమి ఈడికొచ్చినావు?"

"ఆగలేకపోయినా బావా. అమ్మకు చూపు పోతాండాది. అక్కను ఇంటికి పంపు."

తగ్గొచ్చావా అని ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఆయన లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తాగాను. ఆయన అంగడికి తాళం వేసుకున్నాడు.

"నడువు. నేనూ వస్తా. అదొకతే ఉండాది ఆడ."

రెండు గంటల బస్సులో ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. మూడున్నరకు దిగేసరికి అక్క అన్నం మూట విప్పకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇద్దరం కలిసి దిగడం చూసి సంతోషిస్తుందనుకున్నాను. ఆమె లేవను కూడా లేదు.

"దాటేదానికి మీకు ఒక పూట చాలిందా? ఏడేండ్లు నన్ను నడుమ కూచోబెట్టినారే."

బావ తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. నాలుగు గంటల చింతామణి బస్సుకు ముగ్గురం ఎక్కాం. ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. అమ్మ అక్క గడ్డం పట్టుకుని వాకిలి వెలుగుకేసి తిప్పి చాలాసేపు చూసింది. "చిక్కిపోయినావు కదమ్మా" అంది.

పంతం విడిచిన మంచివాడినని నేను చాలా ఏళ్లు ఈ కథ గొప్పగా చెప్పుకున్నాను. నిజానికి నాకు కుదురు లేక బస్సెక్కాను, అంతే. ఆ కుదురులేనితనం ఏడేళ్ల ముందే ఎందుకు రాలేదని ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. మీరు ఈ దారిలో వెళితే కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. ఎదురొచ్చే బస్సులో మీవాళ్లు ఉంటే కనిపిస్తారు. నేను ఆ రోజు ఎడమవైపు కూర్చున్నాను. ఎవరో చెయ్యి ఊపుతూ పిలిచారని పక్కవాళ్లు చెప్పినా, నన్ను కాదులే అనుకున్నాను.