కల్లం మీద ఫ్రిజ్జు

మా పెద్దమ్మ సత్తెమ్మకు కోపం వస్తే రాయదుర్గం గుట్టల అవతలి దాకా వినిపించేది. ఊళ్లో అందరూ ఆమె నోటిని ఎగతాళి చేసేవాళ్లు, నేనూ చేసేవాణ్ణి. ఆ ఒక్కసారి మాత్రం నాకూ ఒళ్లు మండిపోయింది.

తొంభై ఎనిమిది, కార్తీకం. మా పొలాల పక్కనుంచే హైటెక్ సిటీకి కొత్త రోడ్డు వేశారు. రోడ్డుకు అవతల చలపతిరావు అనే బిల్డర్ ఆఫీసు బిల్డింగు మొదలుపెట్టాడు. రోజూ పట్నం పోయి రావడం ఎందుకని ఒక పాత బస్సును ఇల్లుగా మార్పించి సైటులోనే ఉండేవాడు. అందులో మంచం, పొయ్యి, చివరికి గ్యాసుతో నడిచే ఫ్రిజ్జు కూడా. బొంబాయిలో సెకండ్ హ్యాండులో కొన్నాడట. ఆ ఫ్రిజ్జు చల్లబడటం మానేసింది.

కూకట్‌పల్లి నుంచి తిరుపతి అనే మెకానిక్ వచ్చాడు. బర్నర్ తుడిచాడు, పైపులు చూశాడు, ఆఖరికి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఫ్రిజ్జు మీద పెట్టాడు. నీళ్లు ఒక పక్కకు ఒరిగాయి.

"ఫ్రిజ్జు మంచిగనే ఉంది సార్, బండే వంకర నిలవడ్డది. దీంట్ల మోటరుండదు. లోపల సల్లవరిచే మందు దానంతటదే పారాలె, చదునుగ లేకుంటే పారదు. లేదంటె దీన్ని తీసేసి మామూలు కరెంటు ఫ్రిజ్జు పెట్టుకోండ్రి. జనరేటర్ మీద ఏడున్నా సల్లవడ్తది."

"జనరేటర్ చప్పుడుకి నాకు నిద్ర పట్టదయ్యా," అన్నాడు చలపతిరావు.

సైటంతా బండలు, గుంతలు. చుట్టుపక్కల చదునుగా ఉన్నది ఒక్కటే, మా పెద్దమ్మ కల్లం. అది ఊరికే చదునైందా? ఏటేటా నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి, నడుం విరిగేలా చేసిన చదును అది. జొన్న కోసి, కంకులు దాని మీదే కుప్ప పోసి ఉంది. మేం ఇంటికి పోయి అన్నం తిని వచ్చేసరికి కుప్ప గట్టు పక్కకు నెట్టేసి ఉంది. కల్లం నడుమ బస్సు. ఒక్క మాట అడగలేదు!

"ఎవడ్రా నా కల్లం మీద బండి వెట్టినోడు?"

చలపతిరావు బస్సు మెట్ల మీదికొచ్చి నవ్వాడు. "మీదేనా అమ్మా? నాలుగు రోజులేనండి. పెద్దవాళ్లు సైటు చూడ్డానికి వస్తున్నారు, చల్లగా ఏదైనా ఇవ్వాలి కదా. కొంచెం సర్దుకోండి."

"తుపానొస్తదని రేడియోల చెప్తున్నరు. గా లోపల కంకులు తొక్కియ్యాలె, తడిస్తె నల్లవడ్తయ్. నీ ఫ్రిజ్జు సల్లవడాలె గని, నా కడుపు సల్లగుండొద్దా?"

"సర్దుకోండమ్మా," అని తలుపు వేసుకున్నాడు. అండి అండి అంటూనే అంత మర్యాదగా నోట్లో మట్టి కొట్టేవాణ్ణి నేను చూడటం అదే మొదటిసారి.

అద్దాలు పగలగొడదామన్నాను. "పలగ్గొడితె పోలీసులొస్తరు. బండి మాత్రం కదులదు," అంది పెద్దమ్మ. ఆ రాత్రి ముద్ద ముట్టలేదు. మర్నాడు ఆకాశం నిండా మబ్బులు. బస్సు అక్కడే ఉంది. అవతల పెద్దవాళ్ల కోసం సైటులో షామియానా వేస్తున్నారు.

"కంకులెత్తు," అంది నాతో.

గంపలకెత్తి కొత్త రోడ్డు మీదికి మోశాం. నల్లగా, నున్నగా, ఎంత చదునో! ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కంకులు పరిచి, పెద్దమ్మ చీపురు పట్టుకొని నడిమధ్యన కూర్చుంది.

పెద్దవాళ్ల కార్లు వచ్చి వరసగా ఆగాయి. హారన్లు మోగాయి. చలపతిరావు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఇది రోడ్డు, కల్లం కాదు!"

"నా కల్లం నీకు బండి నిలిపే జాగయింది. గీ రోడ్డు నాకు కల్లం గాదా? నాలుగు రోజులే సారూ. జర సర్దుకో."

ఆమె అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చలపతిరావు ముఖం మాడిపోయింది. "పోనివ్వండి! వాటి మీంచే పోనివ్వండి!" అని డ్రైవర్ల మీద అరిచాడు.

పెద్దమ్మ వెంటనే లేచి పక్కకు జరిగింది. ఆమెకు కావలసింది అదే. కార్లన్నీ కంకుల మీదుగా పోయాయి. చల్లటివి తాగి మళ్లీ వాటి మీదుగానే తిరిగొచ్చాయి. టైర్ల కింద కంకులు నలిగి గింజ రాలింది. పొద్దు గూకే లోపల తూర్పారబట్టి బస్తాలకెత్తాం. అప్పుడు పడ్డాయి చినుకులు.

ఇంటికి పోతూ పెద్దమ్మ బస్సు ముందు ఆగింది.

"సారూ! నీ పెద్దోళ్లకు చెప్పు, జొన్నలు మంచిగ తొక్కిన్రని!"

ఈసారి గుట్టల అవతలి దాకా వినిపించింది.