ఖాదర్‌ని రైలెక్కమన్నది నేనే

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఖాదర్‌కి చెప్పే ధైర్యం నాకు లేదు.

నాది గోపాలపట్నం. సొంత కారుంది, అద్దెకు తిప్పుతాను. ఖాదర్ మా ఊరి వన్‌టౌన్‌లోనే టైలరు. చిన్నప్పటి స్నేహం మాది, మతాలు వేరైనా బావా అంటే బావా అనుకునేవాళ్లం. విజయవాడ వెళ్లాలంటే రైలు మేలా, బస్సు మేలా, కారా అని తెలిసినవాళ్లంతా నన్నే అడుగుతారు. దారుల సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నాకు పొగరు కూడా.

ఒకరోజు టీ బడ్డీ దగ్గర పదిమందిలో ఖాదర్ ఆ పొగరు మీదే కొట్టాడు. నా కారులో విజయవాడ వెళ్లేదానికంటే రైల్లో నిలబడి వెళ్లడం నయమన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. అంత చిన్న మాటకా అని మీరు అడగొచ్చు. అవును, అంత చిన్న మాటకే.

తర్వాత వారంలోనే, పొద్దున్నే వాడు మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. విజయవాడలో అన్న దగ్గర ఉంటున్న వాళ్ల నాన్న తెల్లవారుజామున చనిపోయారు.

"అబ్బా పోనాడు బావా. సాయంత్రం అసర్ నమాజ్ అయిపోతే మట్టి సేసేత్తారంట, సీకటి దాకా ఆగరు. కారెయ్యమంతావా, రైలెక్కమంతావా? ఏటి సెయ్యమంతావ్?"

కారు గుమ్మం ముందే ఉంది. ఆ రోజు నాకున్న బేరం ఒక్కటే, విజయవాడ వైపు నుంచి రైల్లో వచ్చే మనిషిని స్టేషన్‌లో ఎక్కించుకోవడం. ఆయన అప్పటికే ఫోన్ చేశాడు, తుని దగ్గర గూడ్సు బండి పట్టాలు తప్పింది, రైళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి అని. అదంతా తెలిసే నోరు తెరిచాను.

"రైలెక్కీ బావా. హైవే మీద పన్లు జరగతన్నాయి, కార్లో ఎల్తే అందుకోనేవు."

"నువ్వు సెప్పినావంటే ఇంకేటుంది," అని వాడు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఆటో ఎక్కేశాడు.

వాడి రైలు ఎలమంచిలిలో ఆగిపోయింది. కాసేపటికి నా ఫోన్ మోగింది. అప్పుడైనా కారు తీసి ఉంటే, ఎలమంచిలిలో వాణ్ని ఎక్కించుకుని సమయానికి చేర్చగలిగేవాణ్ని. తెర మీద వాడి పేరు చూస్తూ కూర్చున్నాను. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఎందుకు ఎత్తలేదు? కోపం అప్పటికే చల్లారిపోయింది. మరెందుకు? నాకు ముందే తెలుసన్న సంగతి నా గొంతులో వాడికి వినిపించేస్తుందని భయపడ్డాను. అంతకంటే మంచి కారణమేమీ ఎంత వెతికినా దొరకడం లేదు.

చివరికి వాడు రైలు దిగి, రోడ్డు దాకా నడిచి, దొరికిన బస్సెక్కి విజయవాడ చేరేసరికి చీకటిపడింది. తండ్రి ముఖం చూడలేదు. జనాజా మోయడానికి భుజం ఇవ్వలేకపోయాడు. కొత్తగా కప్పిన మట్టి మీద రెండు చేతులూ పెట్టి కూర్చుండిపోయాడట. తిరిగొచ్చాక ఇదంతా నా భుజం మీద తల పెట్టి ఏడుస్తూ చెప్పాడు. వాడి వీపు నిమిరాను. నా చెయ్యంటే నాకే అసహ్యం వేసింది.

వాడికి ఇప్పటికీ అనుమానం లేదు. మొన్న కూడా హైదరాబాద్‌కి దేని మీద వెళ్లమంటావని నన్నే అడిగాడు. ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా, "అల్లా రాయనేదు బావా, నువ్వేటి సేత్తావ్" అని తిరిగి నన్నే ఓదారుస్తాడు. నేను తలూపుతాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది ఇవ్వగలిగినవాడు ఒక్కడే, వాడికి చెబుతానని మాటిచ్చే మనిషిని కూడా కాను. కానీ ఇంతవరకు రాశాక గొంతులో అడ్డం కాస్త కదిలింది, ఊపిరి ఆడుతోంది. ఆ రోజు ఖాదర్‌కి తండ్రి ముఖం దక్కకుండా చేసింది నేను. ఇన్నేళ్లూ ఆ నేరాన్ని వాడి దేవుడి మీద పెట్టి తిరిగాను.