పరిత్యాగ పత్రికకు అర్థం చెప్పిన సుగుణమ్మ గారు

సుగుణమ్మ గారు పరమపదించారన్న వార్త సోమవారం బడి వదిలే వేళకు నాకు చేరింది. చేతిలో సుద్దముక్కతో నల్లబల్ల ముందు అలాగే నిలబడిపోయాను. ముందటి రోజే ఆమెను చూసి వచ్చాను. ఆయాసం ముదిరిందనీ, చివరి దినాలు దుర్భరంగా గడుస్తాయనీ డాక్టరు చెప్పినప్పటి నుంచి మా అందరి గుండెల్లో అదే భయం. అలా జరగలేదు. మధ్యాహ్నం జావ తాగి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న చెల్లెలికి కూడా తెలియలేదట. ఆ మాట విన్నాక దుఃఖంలోనే నా మనసు కొంత కుదుటపడింది.

పోలీసు చర్య ముగిసి ఊళ్లు తేరుకుంటున్న రోజుల్లో ఆమె సుల్తానాబాద్‌లోని మా మిషన్ బడికి వేదపాఠాలు చెప్పడానికి వచ్చారు. కొన్నేళ్లకు నేను అదే బడిలో ఉపాధ్యాయినిగా చేరాను. ట్రైనింగులో ఆమెకు పాఠం చెప్పిన దొరసాని యెరూషలేములో చాలాకాలం నివసించిందట. అక్కడి ఇళ్లు, పెళ్లిళ్లు, పంటలు, అప్పటి చట్టాలు తెలుసుకోకుండా సత్యవేదమైన బైబిలును చదవకూడదన్న పట్టుదల సుగుణమ్మ గారికి ఆ గురువు నుంచే అబ్బింది. "ముందుగాల ఆళ్ల వాకిట్ల నిలవడాలె. ఎన్కసీరి వాక్యం సదవాలె" అనేవారు.

పక్షవాయువు గలవాణ్ణి ఇంటి కప్పు విప్పి యేసు ముందుకు దించిన కథ చెబుతుంటే, మా పిల్లలు పెంకుటిల్లే ఊహించుకొని, అంతమంది పైకెక్కితే పెంకులు పగలవా అని అడిగారు. ఆమె అప్పటికప్పుడు మట్టి తెప్పించి, చదునైన కప్పుతో, బయటి నుంచి మెట్లతో ఒక చిన్న ఇల్లు చేసి ఎండబెట్టించారు. ఆ తరువాత ఆ కథ మా బడిలో ఎవరికీ సందేహంగా మిగలలేదు.

అయితే ఆమె విద్యకు అసలు పరీక్ష రాహేలు విషయంలో ఎదురైంది. రాహేలును మొగుడు సమ్మయ్య ఇంట్లోంచి వెళ్లగొట్టి, కాగజ్‌నగర్ వెళ్లి మరొకామెతో కాపురం పెట్టాడు. ఏళ్లు గడిచాక, బియ్యపు మిల్లులో హమాలీ చేసే దానియేలు రాహేలును చేరదీశాడు. వాళ్లకు బిడ్డ పుట్టింది. ఆ బిడ్డకు బాప్తిస్మం ఇవ్వడానికి సంఘం ఒప్పుకోలేదు. అంతేకాక, సమ్మయ్య ఏ రోజైనా వచ్చి తనను ఈడ్చుకుపోతాడేమోనని రాహేలుకు ఒకటే బెంగ.

సంఘం కూర్చున్న రోజు సంఘపెద్ద యాకోబయ్య గారు తన మాట దాచుకోలేదు. "టీచరమ్మా, మొగుడు బతికుండంగ ఇంకొకనితోని ఉంటే తప్పని వాక్యంలనే ఉన్నది. నేను కాదంటె ఎట్ల?"

"వాక్యం కాదనుమంటలేను పెద్దయ్యా" అన్నారు సుగుణమ్మ గారు. "మోషే పరిత్యాగ పత్రిక, గా ఇడుపు కాయితం, ఎందుకు రాయమన్నడో జర చూడుండ్రి. ఆ కాలంల మొగోడు పెండ్లాన్ని ఉత్తగనే ఎల్లగొట్టేది. ఆమె వానికీ కాదు, ఇంకొకనికీ కాదు. రేపొచ్చి నాదే అంటె దిక్కెవలు? గా కాయితం ఆడిదాన్ని ఎల్లగొట్టేటందుకు కాదు. ఎల్లగొట్టినంక ఆమె బతికేటందుకు."

"మరి యేసుప్రభువు ఇడిసిపెట్టొద్దన్నడు గద?"

"ఎవలకు చెప్పిండు? పెండ్లాన్ని ఇడిసిపెట్టే మొగోనికి చెప్పిండు. రాహేలు ఇడిసిపెట్టలే. రాహేలునే ఇడిసిపెట్టిండ్రు."

యాకోబయ్య గారు బైబిలు తెరిచి ఆ వాక్యం మరోసారి చదువుకున్నారు. చివరికి, "అయితే గా కాయితం తెప్పియ్యుండ్రి. పెండ్లి నేనే దగ్గరుండి చేయిస్త" అన్నారు.

పెద్దపల్లిలో రైలెక్కి రాహేలు, సుగుణమ్మ గారు, నేను కాగజ్‌నగర్ వెళ్లాం. సమ్మయ్య గుమ్మంలోకి వచ్చి, రాహేలును చూసి, లోపలున్న భార్య వైపు ఒకసారి తిరిగి చూశాడు.

"నాయినా సమ్మయ్యా, రాహేలును తీస్కపోతవా?" అని నింపాదిగా అడిగారు సుగుణమ్మ గారు.

"నాకెందుకమ్మా? నాకు గీడ పిల్లలున్నరు."

"మరి గా మాటే రాసియ్యి. ఆమె నిమ్మలపడ్తది, నువ్వు గూడ నిమ్మలపడ్తవు."

"గింతేనా?" అన్నాడు సమ్మయ్య. అతని భుజాలు వదులయ్యాయి. "పంచాయితి పెట్టనీకి వచ్చిండ్రనుకొని పరేషాన్ అయిన." పక్కింటి చదువుకున్నాయనతో రాయించి, వేలిముద్ర వేశాడు. లోపలి నుంచి అతని భార్య మాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆమె ముఖంలో కూడా తెరిపి కనిపించింది. తిరుగు రైలులో రాహేలు సుగుణమ్మ గారి భుజం మీద తల వాల్చి పెద్దపల్లి దాకా నిద్రపోయింది. అలా నిద్రపోయి ఎన్నాళ్లయిందో మేం అడగలేదు.

యాకోబయ్య గారు మాట నిలబెట్టుకున్నారు. పెళ్లి, బిడ్డ బాప్తిస్మం ఒకే ఆదివారం జరిగాయి. సుగుణమ్మ గారు ఆనాడు వెనక వరుసలో కూర్చొని, కళ్లజోడు తీసి తుడుచుకోవడం నేను చూశాను.

ప్రాచీన గ్రంథాన్ని పాండిత్య ప్రదర్శనకు వాడేవారిని చూశాం, ఎదుటివారి నోరు మూయించడానికి వాడేవారినీ చూశాం. ఒక స్త్రీ భయం లేకుండా నిద్రపోవడానికి ఆ జ్ఞానాన్ని వినియోగించిన విదుషీమణి ఆమె. బాధ లేకుండా వెళ్లిపోయారు. ఆ ఊరట మాకు మిగిలింది.

భూస్థాపన జరిగిన వారం స్త్రీల వేదపాఠం మానలేదు. పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోవడానికి దీపాలతో బయలుదేరిన పది మంది కన్యకల కథ చదువుతున్నాం. వెనక నుంచి ఒకామె అడిగింది: "ఆళ్లు దీపాలు పట్టుకొని ఎటు పోతున్నరమ్మా? పెండ్లిపిల్ల ఇంటికా, పిలగాని ఇంటికా?"

నాకు తెలియదు. అలవాటు కొద్దీ సుగుణమ్మ గారు కూర్చునే పక్కకు తిరిగాను. అందరూ ఆ పక్కకే చూస్తున్నారు.