నాగార్జునాచారి మాత్రలు

ఆళ్లగడ్డలో రాయి చెక్కే చప్పుడుకు ఎవరూ తల తిప్పరు. ఆ చప్పుడులో తనను ఎవరో తిడుతున్నారని శిల్పి నాగార్జునాచారి అన్నప్పుడు మాత్రం వీధంతా తిరిగి చూసింది. గాలి సోకిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. అనేవాళ్ళ నోటికి అడ్డెవరు? నంద్యాల డాక్టరు స్కిజోఫ్రెనియా అని చెప్పి మాత్రలిచ్చాడు. మాటలు వినపడటం ఆగింది గానీ పనితనం తిరిగి రాలేదు. విగ్రహం ముక్కు కొలిచి ఉలి అందుకునేలోగా కొలత మరిచిపోయేవాడు. శిల్పశాల నడిపే అన్న శివకుమార్ అతనికి రాయి నునుపు చేసే పని మాత్రమే మిగిల్చాడు. మొగుడు మళ్ళీ ఉలి పడితే చాలు, భార్య భ్రమరాంబికకు ఇంకే కోరికా లేదు.

2006లో ఆ డాక్టరు పనిచేసే ఆసుపత్రిలోనే మెదడుకు కసరత్తు చేయిస్తామన్నారు. కంప్యూటరులో బొమ్మలు వచ్చి పోతాయి. ఏది ఎక్కడ కనపడిందో గుర్తుపెట్టుకుని చెప్పాలి. అంతవరకు భ్రమరాంబికకు అర్థమైంది. మొదటిరోజు రక్తం తీసి, అన్నీ అయ్యాక మళ్ళీ తీస్తామనేసరికి ఆమెకు అయోమయం పట్టుకుంది. కసరత్తు చేయించే లూదియాను అడిగింది.

"బొమ్మలు చూసేదానికి నెత్తురెందుకమ్మా?"

"జన్యువులని ఉంటాయక్కా, పుట్టుకతో వచ్చేవి. అవి మారవు. ఏది ఎంత పనిచేయాలనేది మాత్రం మారొచ్చు. ఈ కసరత్తుతో మారతాదేమో నెత్తురులో చూస్తాండాం. ఇంకా తేలలేదు."

మారవు అంటుంది, మారొచ్చు అంటుంది. ఈ కథ చెబుతున్న నాకే ఇప్పటికీ సగం తలకెక్కలేదు, ఆమెనేమనాలి?

ఎండలు ముదిరేనాటికి నాగార్జునాచారికి కొలతలు గుర్తుండసాగాయి. శివకుమార్ ఉలి చేతికిచ్చి చిన్న నందిని చెక్కమన్నాడు. చెక్కాడు, బాగానే చెక్కాడు. భ్రమరాంబిక ఆ రోజు చాటుకు పోయి ఏడ్చింది. రెండోసారి రక్తం కూడా తీశారు.

మా శిల్పుల ఇళ్ళలో ఒక కట్టడి ఉంది. విగ్రహమంతా అయ్యాక చివర్న కనుపాపలు చెక్కి కళ్ళు తెరుస్తారు. తెరిచాక ఇక ఉలి తాకించరు. భ్రమరాంబిక ఆ ఇళ్ళలోనే పుట్టి పెరిగింది. మొగుడి విషయంలోనూ పని పూర్తయిందని, ఇంకా మందు వేస్తే కుదిరింది చెడుతుందని అనుకుంది. పిచ్చిది, ఎవరినీ అడగలేదు. డాక్టరు మానేయమన్నాడని మొగుడికి చెప్పి మాత్రలు ఆపేసింది.

వానలు మొదలయ్యేసరికి అతనికి మళ్ళీ మాటలు వినపడ్డాయి. ఉలి పక్కన పెట్టి ఇల్లు కదలనన్నాడు. భ్రమరాంబిక ఒక్కతే నంద్యాల పోయి లూదియా దగ్గర కూలబడింది.

"నెత్తురు మారింటాది, ఇంకెందుకులే అని నేనే మాన్పిస్తి."

"నెత్తురు సంగతి మాకే ఇంకా తెలీదక్కా. కసరత్తు చేసినా మాత్రలు మానకూడదు."

డాక్టరు అదే చెప్పి మాత్రలు రాసిచ్చాడు. ఆమె ఇంటికొచ్చి నీళ్ళతో సహా అందించింది. నాగార్జునాచారి చెయ్యి చాపలేదు.

"డాక్టరు ఏసుకోమన్నాడు" అంది.

"ఆ పొద్దు మానేయమన్నాడంటివి."

"అది నేనే కల్పించి చెప్తి. తప్పయిపోయింది."

అతను నీళ్ళ గ్లాసు పక్కకు జరిపాడు.

"నాకు వినపడే మాటలు అబద్ధమని చెప్పింది నువ్వే. నీ మాట నమ్మే గదా ఇన్నాళ్ళూ వాటిని నమ్మకుండా ఉంటి. ఇప్పుడు ఎవరిని నమ్మల్ల?"

మరునాడు ఇద్దరూ నంద్యాల బస్సెక్కారు. మాత్ర వేసుకోమని డాక్టరే చెప్పడం తన చెవులతో విన్నాకే వేసుకుంటానన్నాడు నాగార్జునాచారి.