పీత కింద కాళ్ళు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే లేచి వేరే పని చూసుకునే రకం నేను. గాజువాకలో రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. కంటికి కనబడింది రాయడమే నా ఉద్యోగం. ఇదీ అలాగే, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది విశాఖలో సముద్రం ఒడ్డున చేపల వేటవాళ్ళ పేట. నా చిన్నప్పుడు అక్కడికి సినిమావాళ్ళు వచ్చారు. కొండంత పీత ఒకటి సముద్రంలోంచి వచ్చి, పోర్టు క్రేన్లన్నీ విరిచేసి, చివరికి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. అంతే కథ. వెదురుబద్దలతో, గోనెపట్టాలతో కట్టిన ఆ పీతని లోపల నలుగురు మనుషులు నాలుగు మూలలా భుజాల మీద మోసేవారు. వాళ్ళలో మా నాన్న ఒకరు.

అదే ఏడాది తుపాన్లో వేటకి వెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు.

సినిమా వచ్చాక అమ్మ చూడలేదు. నన్ను మేనత్త తీసుకెళ్ళింది. పీత నడుస్తుంటే కింద మనుషుల కాళ్ళు కనబడేవి. హాలంతా పడీపడీ నవ్వింది. ఆరేళ్ళదాన్ని, నేనూ నవ్వాను. మూడో రోజుకే సినిమా ఎత్తేశారు. ఆ తర్వాత చాలాకాలం మా పేటలో ఎవరు పని చెడగొట్టినా "పీత సినిమా తీశావు" అనేవారు.

కిందటి వానాకాలం ల్యాబ్‌లో ఒకతను ఫోన్ చూసుకుంటూ ఒకటే నవ్వుతున్నాడు. వంగి చూస్తే అదే పీత. నాకు నవ్వు రాలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా నా ఫోన్లో పెట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను.

ముసురు పట్టి ఉంది. గదిలోకి వచ్చే వెలుతురు నీళ్ళలోంచి వడకట్టినట్టుంది. ఎదురింటి మసేను చిన్నాన్న కూడా వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నాడు. ఆ పీతని మోసిన నలుగురిలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. వాన చప్పుడులో ఫోన్లో సినిమా మాటలు సరిగా వినబడలేదు. తెర మీద మనుషులు నోళ్ళు కదుపుతూ అటూ ఇటూ పరిగెడుతున్నారు. పీత ఒడ్డుకి వచ్చింది.

అమ్మ తెర మీద వేలు పెట్టింది. "ఈ ముందరివి మీ నాన్న కాళ్ళు."

నాన్న కుడి పాదం బయటికి తిప్పి నడిచేవాడట. నాకు ఆయన ముఖమే సరిగా గుర్తులేదు. ఊరంతా నవ్విన ఆ కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. అమ్మ మధ్యలో లేవలేదు, టీ కూడా తాగలేదు.

చివర్లో పీత సముద్రంలోకి వెళ్ళిపోతుంది. కింద ఎనిమిది కాళ్ళు. ముందు మూల అదే నడక, పాదం బయటికి తిప్పి, ఏ తొందరా లేకుండా. అల వచ్చి మడమలు ముంచింది. ఇంకో అల మోకాళ్ళ దాకా ముంచింది.

చిన్నాన్న దగ్గరికి జరిగి ఫోన్ మీదికి వంగాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడుసార్లు వేశాను.

"ఇది తుపానయ్యాక తీసింది పాపా," అన్నాడు మెల్లిగా. "నెల తిరిగాక సినిమావోళ్ళు మళ్ళీ వచ్చినారు. అప్పటికే మీ నాన్న పోయినాడు. పోయినోడి జాగాలో నిలబడ్డానికి ఎవుడూ ఒప్పుకోనేదు. ముగ్గురవే మోసినాం. ఆ మూల ఖాళీ."

అమ్మ ఆ రోజుల్లో ఇంట్లోంచి బయటికే రాలేదు. ఈ సంగతి ఆమెకీ తెలియదు.

"మరి పీత ఒరిగిపోలేదా చిన్నాన్నా?" అని అడిగాను.

"ఒరిగిపోద్దనే అనుకున్నాం. ఆ పక్కన నానే ఉన్నాను. బరువే తెలీనేదు."

ముసలాయన మరిచిపోయి ఉంటాడనుకున్నాను. సినిమా వెనక్కి తిప్పాను. మొదటి సీన్లలో ఒడ్డున కొబ్బరిచెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. చివరిదాంట్లో సగం చెట్లు పడిపోయి ఉన్నాయి. వాటిని కూల్చిన తుపానే నాన్నని తీసుకుపోయింది. సినిమావాళ్ళలో ఎవరైనా లోపలికి దూరారేమో అంటే, చిన్నాన్న తల అడ్డంగా ఊపాడు. పోనీ దూరారనే అనుకుందాం. ఆ నడక ఎక్కడిది?

ముసురు పట్టినప్పుడల్లా అమ్మది ఒకటే మాట: ఆ నీళ్ళలో ఒక్కడూ ఎంత కొట్టుకున్నాడో అని. ఆ రోజు ఆ మాట అనలేదు. తెర వైపే చూస్తూ, "మీతో పాటే నడిసెల్లాడు మసేనూ," అంది. "ఒక్కడే పోనేదు."

చిన్నాన్న వాన తగ్గినా లేచి వెళ్ళలేదు.

తర్వాత నేను ఒక్కదాన్నే ఎన్నోసార్లు చూశాను. ప్రతిసారీ ఎనిమిది కాళ్ళే, ఆరు కాదు. ఆ ఎక్కువ రెండూ ఎవరివో నేను ఇప్పటికీ చెప్పలేను. అమ్మ మాత్రం మళ్ళీ వెయ్యమని అడగలేదు. ఈ ఏడు ముసురు పట్టిన రాత్రులు ఆమె తెల్లవార్లూ హాయిగా నిద్రపోయింది.