భుజం తట్టే పిలుపు

సిరిసిల్లలో మరమగ్గాల మోతకే ఆ పెద్దాయన చెవులు పోయాయి. అయినా మగ్గం మీద అరచెయ్యి ఆనించి, అదురులో తేడాను బట్టి పోగు తెగిందని అందరికంటే ముందు చెప్పేవాడు. ఇంట్లో మాత్రం ఆయన్ని పిలవాలంటే మోకాళ్ల నొప్పులతో భార్యే లేచి రావాలి.

చెవిటివాళ్ల కోసం పరికరాలు చేసే నేను, ఆమె గొంతు వినగానే అదిరే పట్టీ ఒకటి తయారుచేసి ఆయన మణికట్టుకు కట్టాను. ఆమె పిలవగానే అదిరింది. ఆయన మొహం చిట్లించి విప్పేశాడు.

“గిది ఫోన్ లెక్క గుర్రుమంటది బిడ్డా. మా ఆమె గిట్ల పిలువది. భుజం మీద రెండుసార్లు మెల్లగ తడుతది.”

నెల తర్వాత, అలాగే తట్టే పట్టీని భుజానికి కట్టాను. ఆమె వంటింట్లోంచి పిలిచింది. ఆయన చటుక్కున వెనక్కి తిరిగాడు. వెనక ఎవరూ లేరు. మగ్గం మీద పెట్టినట్టే భుజం మీద అరచెయ్యి ఆనించుకుని, వంటింటి వైపు కేకేశాడు.

“వస్తున్ననే!”